పుష్కరానికోసారి

ఎప్పుడోగాని గుమ్మం తొక్కని చుట్టాన్ని గురించి, కాలేజీ చదువుతున్న మనవడు "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ వస్తారాయన" అంటాడు. "చంద్రుడు నీలంగా పొడవటమేమిట్రా?" అని మామ్మగారు విస్తుపోతారు.

నీలి చంద్రుడు కనబడటం నిజంగానే అరుదు. 1883లో క్రాకటోవా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆ ధూళివల్ల అలా కనబడ్డాడు. ఇప్పుడు మాత్రం ఒకే ఇంగ్లీషు నెలలో వచ్చే రెండో పున్నమిని బ్లూ మూన్ అంటున్నారు, రంగు మామూలుదే. 19 ఏళ్ళకు నెలలు 228, పున్నములు 235. మిగిలేవి ఏడు. మన అధికమాసాలూ సుమారుగా ఇదే లెక్క!

అంటే రెండున్నర, మూడేళ్ళకొకటి అన్నమాట. రాజమహేంద్రవరపు మామ్మగారి మాట ఇంతకంటె గట్టిది: "పుష్కరానికోసారి." బృహస్పతి సింహరాశిలో ప్రవేశిస్తే గోదావరికి పుష్కరం. 2003లో వచ్చింది, మళ్ళీ 2015లోనే వచ్చింది.

నిండు నూరేళ్ళు బతికినా మనిషి చూసే పుష్కరాలు ఎనిమిదో తొమ్మిదో. అందుకే "పుష్కరానికోసారి వస్తావేమిరా?" అని తల్లి అడిగితే, ఇంకెన్నిసార్లు నిన్ను చూస్తానో అన్న బెంగ అందులో ఉంది. పరాయి ఊళ్ళో ఉన్న అబ్బాయిలూ! ఆ మాట చెవిని పడితే అర్థంకోసం నిఘంటువు తిప్పకండి. రైలు టిక్కెట్టు కొనుక్కోండి.