చక్రాల మీద అటక

ఇంట్లో సామాన్లకు చోటు చాలకపోతే అటక వేయిస్తాం, వీలైతే ఇంకో గది దించుకుంటాం. చక్రాల మీద తిరిగే ఇంటికి ఆ వెసులుబాటు లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో రోడ్డు మీద బండి వెడల్పు 102 అంగుళాలు, అంటే సుమారు 2.6 మీటర్లు దాటకూడదు. ఎత్తుకు వంతెనలు, పొడవుకు మలుపులు హద్దు గీస్తాయి. మిగిలిన ఆ పెట్టెలోనే మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి, నలుగురి బట్టలు, వారానికి సరిపడా తిండి ఇమడాలి. రిక్రియేషనల్ వెహికల్, పొట్టిగా ఆర్‌వీ అని పిలిచే ఈ బండి నూటయాభై ఏళ్ల ఎదుగుదలను ముందుకు నడిపింది చాలావరకు ఒకే ప్రశ్న: సామాను ఎక్కడ పెట్టాలి?

ఆ ప్రశ్నకు తొలి జవాబులు ఏ కార్ఖానాలోనూ పుట్టలేదు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో రోమానీ సంచార కుటుంబాలు ‘వార్డో’ అనే గుర్రపు బండ్లలో కాపురముండేవి. లోపల వెనక గోడకు అడ్డంగా మంచం, దాని కింద జారుడు తలుపుల అర. పగలు పక్కబట్టలు అందులోకి వెళ్లేవి. రాత్రి ఆ బట్టలు తీసి పిల్లల్ని అందులోనే పడుకోబెట్టేవారు. బండి వెనక, బయటి వైపు వంటపాత్రల పెట్టె ఉండేది. దానిపైన గడ్డి, ఇతర సామాను కట్టుకునే చట్రం ఉండేది. మసిపట్టిన గిన్నె ఇంటి గడప తొక్కేది కాదు. ఒకే చోటుతో పగలూ రాత్రీ పని చేయించుకోవడం, మురికి సామానును బయటినుంచే అందే అరలో ఉంచడం అనే రెండు సూత్రాలనూ ఈనాటి ఆర్‌వీ ఇంజనీర్లు మార్చలేదు, మెరుగుపరిచారంతే.

కాపురానికి కాకుండా కేవలం విహారానికి కట్టించిన తొలి బండిగా పేరుపడ్డది ‘వాండరర్’. బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, తర్వాత పిల్లల సాహస కథలు రాసిన విలియం గోర్డన్ స్టేబుల్స్ 1885లో దాన్ని బ్రిస్టల్ వాగన్ వర్క్స్‌లో చేయించుకున్నాడు. మహాగని, మేపుల్ చెక్కతో కట్టిన బండి, సుమారు రెండు టన్నుల బరువు. రెండు గుర్రాలు లాగుతుంటే స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా వెళ్లి, మరుసటి ఏడాది ఆ ప్రయాణాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. దాన్ని ఆయన నేల మీద నడిచే పడవ అన్నాడు. ఓడ గదుల్లో బతికినవాడికి ప్రతి వస్తువుకూ ఒక స్థానముండాలని, అది కుదుపుకు కదలకూడదని వేరే చెప్పనక్కర్లేదు. అయితే కొండదారుల్లో ఆయన గుర్రాలు పడ్డ పాట్లు మరో సంగతి చెప్పాయి. చోటు దొరికినంత మాత్రాన సరిపోదు, దాన్ని లాగే శక్తి కూడా కావాలి. ఈ సంగతికి మళ్లీ వద్దాం.

చోటును మడతపెట్టే విద్య రైళ్ల నుంచి వచ్చింది. జార్జ్ పుల్మన్ 1864లో పేటెంటు పొందిన పడక బోగీలో పైబెర్తు కీళ్ల మీద లేచి కప్పుకు అతుక్కునేది, పగలు పరుపూ దుప్పట్లూ దాని పొట్టలోనే ఉండేవి. మన స్లీపర్ బోగీలో పగలు వీపు ఆనించుకునే పలక రాత్రికి నడిమి బెర్తు అవుతుందే, లెక్క అదే. మోటారు యుగం రాగానే ఆ లెక్క కారులోకి దిగింది. 1910లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రదర్శించిన పియర్స్-యారో టూరింగ్ లాండోలో వెనక సీటు మంచమయ్యేది, డ్రైవరు సీటు వీపు నుంచి చేతులు కడుక్కునే తొట్టి కిందికి వాలేది.

విహారానికి చేసిన ఈ బండ్లు డబ్బున్నవారివి. సామాన్యుడి బండి జర్మనీ నుంచి వచ్చింది. ఫోక్స్‌వాగన్ కార్లను హాలండులో అమ్మే బెన్ పాన్ 1947 ఏప్రిల్‌లో తన నోటుబుక్కులో ఒక పెట్టె ఆకారపు వ్యాను బొమ్మ గీశాడు. 1950లో ఆ వ్యాను ఉత్పత్తి మొదలైంది. ఇంజను వెనక ఉండటం, డ్రైవరు ముందు చక్రాల మీదే కూర్చోవడం వల్ల మధ్య భాగమంతా ఖాళీ. సుమారు 4.3 మీటర్ల బండికి ఇంత చోటు మిగలడం అప్పట్లో విశేషమే. మరుసటి ఏడాదే వెస్ట్‌ఫాలియా సంస్థ ‘కాంపింగ్ బాక్స్’ తెచ్చింది. అది వ్యానులోకి ఎక్కించి దించగలిగే చెక్క సామాను. వారమంతా సరుకులు మోసే బండి, శనివారం పెట్టె ఎక్కిస్తే విహార గృహం. పెట్టె మీది మెత్తలు పరిస్తే మంచం. తర్వాతి నమూనాల్లో కప్పు పైకి లేచింది. నిలబడే ఎత్తు, పైన ఒక పడక, రెండూ బండి ఆగాకే పుట్టుకొస్తాయి, కదిలేముందు మాయమవుతాయి.

తెలుగువారు బాగా ఎరిగిన ఇంటి బండీ ఒకటుంది. తెలుగుదేశం స్థాపించిన ఎన్.టి. రామారావు 1982లో పాత షెవ్రొలే వ్యానును మార్పించి ‘చైతన్య రథం’ చేసుకుని రాష్ట్రమంతా తిరిగారు, కుమారుడు హరికృష్ణ నడిపారు. లోపల బస, పైన ఉపన్యాసం. దారిలో కప్పుగా ఉన్నది ఊళ్లోకి రాగానే వేదిక అయ్యేది.

మడత విద్యకు పతాకస్థాయి 1990లో కనిపించింది. ఇండియానా రాష్ట్రం నపానీలోని న్యూమార్ సంస్థ మోటారు ఇంటికి ‘స్లైడ్-అవుట్’ అమర్చింది. పక్క గోడలో ఒక భాగం, దాని మీద సోఫానో మంచమో ఉన్న గది ముక్క, సొరుగులాగా బయటికి జరుగుతుంది. రోడ్డు మీద చట్టం చెప్పిన వెడల్పు, ఆగిన చోట రెండు మూడడుగుల అదనపు గది. విద్యుత్ మోటారు పళ్లచక్రాన్ని తిప్పితే అది పళ్లపట్టీని నెడుతుంది. పెద్ద గదులకు హైడ్రాలిక్ సిలిండర్లు వాడతారు. కానీ ఈ సుఖం ఊరికే రాదు. గోడకు పెద్ద రంధ్రం పెడితే మిగతా చట్రాన్ని బలపరచాలి. చుట్టూ రబ్బరు సీలు పాతబడితే వాన నీరు దిగుతుంది. పైగా యంత్రాంగం బరువు ఉండనే ఉంది.

పెరగడానికి ఇంకో దిక్కు మిగిలింది, కిందికి. ఛాసిస్‌కూ బండి లోపలి నేలకూ మధ్య జాగా వదిలి, ఈ పక్క నుంచి ఆ పక్కకు తెరుచుకునే అరలు కట్టడం పెద్ద మోటారు ఇళ్లలో మామూలైంది. యూరప్‌లో ఈ జోడు నేలలోనే నీళ్ల ట్యాంకులు పెట్టి చలికి గడ్డకట్టకుండా చూస్తారు. బరువు నేలకు దగ్గరగా ఉంటే గరిమనాభి కిందికి దిగుతుంది, మలుపులో బండి తక్కువ ఊగుతుంది. వార్డో వెనకాల పాత్రల పెట్టెకు ఇది మునిమనవడు.

ఇప్పుడు గుర్రాల సంగతికి వద్దాం. యూరప్‌లో మామూలు కారు లైసెన్సుతో చాలాకాలంగా నడపనిచ్చే బండి గరిష్ఠ బరువు 3,500 కిలోలు. డ్రైవరు, ఇంధనం కలుపుకొని బండి 3,000 కిలోలు తూగిందనుకుందాం. మిగిలింది 500. ఇంకో ముగ్గురు మనుషులకు 225 తీసేయండి. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. వెనక మంచం కింద ‘గ్యారేజీ’ అనే పెద్ద అర ఉంది కదా అని 120 కిలోల స్కూటరు ఎక్కించారు. ఇక బట్టలకు, గిన్నెలకు, సరుకులకు కలిపి మిగిలింది 55 కిలోలు! అరల్లో సగం ఖాళీగానే ఉంటాయి, బండి మాత్రం నిండిపోయింది.

ఆ స్కూటరు ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం నాలుగు మీటర్లు, స్కూటరు వెనక ఇరుసుకు రెండు మీటర్లు అవతల ఉందనుకోండి. తులాదండ సూత్రం ప్రకారం వెనక ఇరుసు మీద పడే అదనపు బరువు 120 కాదు, 180 కిలోలు. ముందు ఇరుసు నుంచి 60 కిలోలు లేచిపోతాయి. యూరప్ మోటారు ఇళ్లు ఎక్కువగా ముందు చక్రాలతో నడిచే వ్యాన్ల మీద కట్టినవే. ముందు బరువు తగ్గితే తడి రోడ్డు మీద పట్టు జారుతుంది, స్టీరింగ్ తేలికవుతుంది. కారు వెనక లాగే ట్రైలర్లలో వెనక భారం పెరిగితే తోక ఊగడం మొదలై అదుపు తప్పుతుంది. అందుకే అమెరికాలో ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడేలా సర్దమంటారు.

కాబట్టి చోటు పెంచడమంటే అరలు పెంచడం కాదు. లోతైన అరలో వెనక పడ్డ వస్తువు లేనట్టే లెక్క. పూర్తిగా బయటికి వచ్చే సొరుగైతే చివరి అంగుళమూ పనికొస్తుంది. మంచం కింది పెట్టె మూతకు గ్యాస్ ఒత్తిడితో లేపే కడ్డీలు (గ్యాస్ స్ట్రట్లు) బిగిస్తే పరుపుతో సహా ఒంటిచేత్తో లేస్తుంది. అల్మారాలకు తేలికైన పాప్లర్ ప్లైవుడ్, తలుపులకు నొక్కితే తప్ప తెరుచుకోని తాళాలు, గట్టి సూట్‌కేసులకు బదులు మడిచి పెట్టగల మెత్తటి సంచులు వాడాలి. బయటి గోడకు ఆనుకున్న అరను పూర్తిగా కుక్కితే గాలి ఆడక చెమ్మ చేరి బూజు పడుతుంది, వేలెడు ఖాళీ వదలాలి. బరువైనవి కింద ఇరుసుల మధ్య ఉంచాలి, తేలికైనవి మాత్రమే తలపై అరల్లోకి వెళ్లాలి.

అమెరికాలో ఆర్‌వీ అద్దెకు తీసుకుని సెలవులకు బయల్దేరే తెలుగు కుటుంబాలు రైస్ కుక్కరు, బియ్యం మూట, పచ్చడి జాడీలతో సహా ఎక్కడమూ కొత్త కాదు. ఎక్కించే ముందు బండిలో అంటించిన లేబుల్ చదవండి. ఎంత బరువు మోయగలదో దాని మీద రాసి ఉంటుంది. అన్నీ సర్దాక లారీలు ఆగే చోట వేబ్రిడ్జి మీద ఒకసారి ఎక్కించి, ఇరుసుల వారీగా తూకం చూడండి. హద్దు దాటితే వెనక చివరి అరలోని సామాను ముందు దించండి.