ఆరో పన్ను పాలపన్ను కాదు!

మీ పాపకు ఆరేళ్లు నిండాయా? వెలుతురులో నోరు తెరిపించి, కింది వరసలో నడిమి నుంచి ఒక పక్కకు పళ్లు లెక్కపెట్టండి. పాలపళ్లు ఐదే. వాటి వెనక ఆరోది కనిపిస్తే అది జీవితాంతం ఉండాల్సిన మొదటి దవడ పన్ను. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలా ఇళ్లలో దాన్నీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చినా ‘ఎలాగూ ఊడేదేగా’ అని వదిలేస్తారు. అది ఊడితే మళ్లీ రాదు.

ఒకే ఇంట్లో, ఒకే పేస్టుతో తోముకునే అన్నాచెల్లెళ్లలో ఒకరికి ఈ పన్ను పుచ్చుతుంది, మరొకరికి పుచ్చదు. తప్పంతా చాక్లెట్లదే అనుకోకండి. పన్ను ఆకారానికీ ఇందులో వాటా ఉంది.

ఆ ఆకారం పైన మెరిసే ఎనామిల్‌తో మొదలైంది కాదు. బిడ్డ కడుపులో ఉండగా, నాలుగో నెల ప్రాంతంలోనే ఈ పన్ను మొలక పడుతుంది. మొలకలో కొన్నిచోట్ల కణాలు విభజన ఆపేస్తాయి, చుట్టుపక్కలవి పెరుగుతూనే ఉంటాయి. దాంతో పొర ముడతలు పడి గుబ్బలు, వాటి మధ్య పల్లాలు ఏర్పడతాయి. ఆ ముడతల గీత దగ్గర లోపలి వైపు డెంటిన్, బయటి వైపు ఎనామిల్ పేరుకుంటాయి. మట్టిగోడ ఎత్తుపల్లాలు సున్నం వేశాక పుట్టినవి కావు కదా, ఇదీ అంతే. పూత మందంగా ఉన్నచోట కాస్త నునుపు తేలుతుందంతే.

గుబ్బల లెక్క కూడా అందరిలో ఒకటి కాదు. కింది మొదటి దవడ పన్నుకు సాధారణంగా ఐదు, పై దానికి నాలుగు. కొందరికి పై పన్ను లోపలి పక్కన చిన్న గుబ్బ అదనంగా ఉంటుంది. వియన్నా దంతవైద్యుడు కారబెల్లి 19వ శతాబ్దంలో వర్ణించాడు కాబట్టి దానికి ఆయన పేరే పెట్టారు. అది జబ్బు కాదు, కంగారు పడొద్దు. జ్ఞానదంతాల సంగతి చెప్పనే అక్కర్లేదు, అవి ఒక్కొక్కరికి ఒక్కో తీరు. కొందరికి అసలు రావు.

పూతలో లోపం వేరే సంగతి. 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించిన ఫ్లోరోసిస్, తర్వాత నల్గొండను వేధించిన ఫ్లోరోసిస్, పంటి మీద మచ్చలు తెచ్చేది ఎనామిల్‌ను దెబ్బతీసే. పసితనంలో తీవ్రమైన జబ్బు, పోషకాహార లోపం కూడా పూతలో గుంటలు మిగల్చవచ్చు.

అసలు చిక్కు పల్లాలతోనే. రెండు పక్కల గుబ్బల మీది ఎనామిల్ పెరిగి కలిసేచోట, కొందరిలో సన్నటి లోతైన చీలిక మిగులుతుంది. బ్రష్ పోగు అందులో దూరదు, అన్నం మెతుకు పొడి మాత్రం దూరుతుంది. అడుగున ఎనామిల్ పలుచన. పుచ్చు పైకి చిన్న నల్లచుక్కలా కనిపిస్తూ లోపల విస్తరిస్తుంది.

దీనికి సీలెంట్ అనే పూత ఉంది. పన్ను తగినంత బయటికి వచ్చాక, ఆరబెట్టి చీలికల్లో నింపుతారు. సూది, డ్రిల్లింగ్ అక్కర్లేదు, కొద్ది నిమిషాల పని. అశ్వారావుపేట నుంచి సత్తుపల్లి మీదుగా ఖమ్మం వెళ్లిరావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే, నిజమే. కానీ పుచ్చి నరం దాకా వెళ్తే ఆ ప్రయాణం ఒక్కసారితో తెగదు. ఏ పనికో పట్నం వెళ్లినప్పుడే పిల్లను వెంట తీసుకెళ్లి చూపించండి. వేసిన పూత అరిగిందేమో ఆరు నెలలకోసారి చూపించాలి. పన్నెండేళ్ల ప్రాంతంలో దీని వెనకే రెండో దవడ పన్ను వస్తుంది, అప్పుడూ ఇదే లెక్క.