బేతాళుని కథ: రెండవ పఠనము

భుజముపై శవము, చేత కత్తి, చుట్టును చీకటి శ్మశానము. ఈ చిత్రమును చిన్ననాట చూడని తెలుగుబిడ్డ అరుదు. 1947లో మద్రాసున పుట్టిన చందమామ, 1955 మొదలు బేతాళకథలను నెలనెలయు ప్రకటించి యింటింటికి చేర్చినది. ఆ పత్రిక నిలిచిపోయినను, అన్నము తిననని మారాము చేయు బిడ్డను దయ్యము పేరు చెప్పి బెదరించు అలవాటు మాత్రము మన యిండ్లలో నిలువలేదు.

మరాఠీయు తెలుగును కలిసి మెలగు భైంసాలో, మేమును ఆ కథను దుప్పటి ముసుగులోనుండియే వింటిమి. రాజు విక్రమార్కుడు, ఊరు ఉజ్జయిని. కావున దయ్యము దూరదేశపుదని మాకొక ధైర్యము. పెద్దయైన పిదప సోమదేవుని కథాసరిత్సాగరమున ఆ కథను చదువగా ఆ దూరము తగ్గినది. 11వ శతాబ్దమున కాశ్మీరమున అనంతరాజు పత్నియగు సూర్యవతి వినోదార్థమై రచింపబడిన గ్రంథమది. అందు బేతాళుని మోసినవాడు గోదావరీతీరమందలి ప్రతిష్ఠానము నేలిన త్రివిక్రమసేనుడు. ఆ ప్రతిష్ఠానమే నేటి మహారాష్ట్రమందలి పైఠణము. దానిని దాటి వచ్చు గోదావరియే మాకు చేరువనున్న బాసరలో జ్ఞానసరస్వతీదేవి సన్నిధిని ప్రవహించుచున్నది.

మరి కథలో భయపడవలసినది దేనిని? క్షాంతిశీలుడను భిక్షువు పదియేండ్లు ప్రతిదినమును రాజసభకు వచ్చి యొక్కొక్క ఫలము నర్పించెను. రాజు దానిని బొక్కసమువాని కిచ్చుచుండెను. ఒకనాడు కోతి యొకటి ఆ పండును కొఱుకగా లోనుండి రత్నము రాలెను. అంతట భిక్షువు రాజును రాత్రివేళ శ్మశానమునకు రప్పించి, చెట్టున వ్రేలాడు శవమును తెమ్మని కోరెను. దారిలో బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేయుటయు, రాజు నోరు విప్పగనే మరల చెట్టు చేరుటయు మీరెఱిగినవే. ఇరువదినాలుగవ ప్రశ్నకు రాజు మౌనము వహించెను. అప్పుడు బేతాళుడు మెచ్చి, భిక్షువు నిన్ను బలి యీయ దలచినాడని హెచ్చరించి, సాష్టాంగ నమస్కారమును ముందుగా వానినే చేసి చూపుమనవలసినదని ఉపాయము చెప్పెను. రాజట్లే చేసి బ్రదికెను.

బాల్యమున మేము శవమును తలచి వణకితిమి. పదియేండ్లు పండు తెచ్చిన చేతిని గూర్చి వణకలేదు. ప్రాణము తీయజూచినవాడు బ్రదికినవాడు, కాపాడినది దయ్యము.

రెండవ కథలోని మందారవతిని చూడుడు. మువ్వురు యువకులు ఆమెను కోరిరి. ఒకరికిచ్చిన తక్కినవారు చత్తురని జడిసి తండ్రి యెవ్వరికి నీయలేదు. ఆమె జ్వరమున మరణించెను. ఒకడు ఆమె భస్మముపై శయనించెను. ఒకడు అస్థులను గంగకు గొనిపోయెను. ఒకడు మంత్రము నేర్చి వచ్చి బ్రతికించెను. భర్త యెవ్వడని వివాదము. బ్రతికించినవాడు తండ్రి వంటివాడు, అస్థులు మోసినవాడు కొడుకు వంటివాడు, భస్మమును వీడనివాడే భర్తయని రాజు తీర్పు. తీర్పు చమత్కారముగనే యున్నది. కాని లేచి కూర్చున్న మందారవతిని నీ మాట యేమని ఒక్కరైన నడిగిరా? ఆడుబిడ్డలు గల తల్లులకు ఆ మౌనమే శ్మశానముకంటె ఎక్కువ చీకటి.

కావున సోదరీమణులారా, ఈ కథను బిడ్డలకు సగములో నాపి నిద్రపుచ్చకుడు. పండు కథను విడువకుడు. ఊరక కానుక లిచ్చువాని యుద్దేశమును విచారింపవలెనని నేర్పుడు. మందారవతి యేమనియుండునో మీ కుమార్తెలనే అడుగుడు.

తుదకు బేతాళుడు వరమీయగా రాజు కోరినదేమి? ఈ యిరువదియైదు కథలును లోకమున ప్రసిద్ధి చెందవలెనని. బేతాళుడు దానికి తోడుగా, ఇవి చదువబడుచోట భూతబేతాళములకు శక్తి యుండదని పలికెను. ఏ కథతో బిడ్డలను భయపెట్టుచున్నామో, ఆ కథయే వారికి రక్షగా చెప్పబడినది. తుదివఱకు చెప్పు తల్లికే ఆ రక్ష చేతికందును.