మీకు తెలుసా? కౌజుపిట్ట ఈకతో ట్రౌట్ వేట

గాలానికి వానపాము గుచ్చకుండా, పట్టుదారం, పిట్ట ఈకలతోనే ట్రౌట్ చేపను పట్టొచ్చు. ఈ విద్య చాలా పాతది. మాసిడోనియా నదిలో చేపలు పట్టేవాళ్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు బిగించేవారని సుమారు 1,800 ఏళ్ల కిందటే రోమన్ రచయిత ఏలియన్ రాశాడు.

ఇలాంటి ఈకల ఎరల్లో నీటిపై తేలేది 'డ్రై ఫ్లై', మునిగేది 'వెట్ ఫ్లై'. ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటి లోపలే దొరుకుతుంది. అడుగు నుంచి పైకి ఈదే పురుగు పిల్లలంటే దానికి ప్రాణం. అందుకే ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ జాలర్లు మెత్తటి ఈకలే ఏరుకున్నారు. నారింజరంగు పట్టుదారంపై కౌజుపిట్ట చుక్కల ఈక రెండు చుట్లు చుడితే 'పార్ట్‌రిడ్జ్ అండ్ ఆరెంజ్' అనే ఎర తయారు. చూడ్డానికి ఏమీ ఉండదు! నీళ్లలో పడగానే మాత్రం ఆ ఈక పోగులు ప్రవాహానికి పురుగు కాళ్లలా కదులుతాయి. నిజంగా అద్భుతమైన పనితనం. టి.ఇ. ప్రిట్ 1885లో ఇలాంటి యార్క్‌షైర్ ఎరలపై ఒక పుస్తకమే తెచ్చాడు.

స్కాట్లాండ్‌కు చెందిన గాలం వేటగాడు డబ్ల్యూ.సి. స్టీవర్ట్‌కు స్టార్లింగ్ పిట్ట ఈకతో కట్టిన 'బ్లాక్ స్పైడర్' ఎర అంటే మహా ఇష్టం. స్టార్లింగ్ మన గోరింకలకు దగ్గరి చుట్టమే.

ట్రౌట్ ఏటికి ఎదురుగా తల పెట్టి నిలుస్తుంది. కాబట్టి దాని వెనక నుంచి, ఎగువకు గాలం విసరమని స్టీవర్ట్ 1857లోనే గట్టిగా చెప్పాడు.