తోటనీ మడనీ ఒకే పద్దులో రాస్తే...

అడవులు పెరిగాయో తరిగాయో రెండేళ్లకోసారి దేశమంతటికీ కలిపి లెక్క చెబుతారు. ఆ లెక్కతో కృష్ణా డెల్టాని చూస్తే ఏం కనిపిస్తుంది, ఏం కనిపించకుండా పోతుంది?

డెల్టాలోని పామిడిముక్కల మండలంలో చెప్పుకోదగ్గ అడవేమీ లేదు. కాలువ కింద వరి, ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీని నమ్ముకుని వేసిన చెరకు, గట్ల మీద కొబ్బరి, తాడి... ఇదంతా తరతరాలుగా సాగులో ఉన్న నేల. అయినా మన దేశం అడవుల్ని లెక్కగట్టే పద్ధతిలో ఇక్కడ కూడా ‘అటవీ విస్తీర్ణం’ తేలవచ్చు. దెహ్రాదూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పెట్టుకున్న కొలత ప్రకారం ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాలు దాటిన జాగాలో చెట్ల కొమ్మలు 10 శాతానికి మించి నేలను కప్పితే అది అడవే. భూమి ఎవరిదో, చెట్టు ఏ జాతిదో అక్కర్లేదు. మూడెకరాల మామిడితోటా లెక్కలోకి వస్తుంది, కాగితం మిల్లుకోసం వేసిన సుబాబుల్ తోటా వస్తుంది. దివిసీమ చివర హంసలదీవి దగ్గర ఉప్పునీళ్లలో వేళ్లూనిన మడ అడవీ ఆ మొత్తంలోనే కలుస్తుంది. ఉపగ్రహంతో అడవిని కనిపెట్టి ఉండటం దేశానికి ఎంతో మేలు చేసే పని, అందులో సందేహం లేదు. పేచీ అల్లా ఆ చూపంతటినీ చివరికి ఒక్క అంకెగా కుదించడంతోనే.

2024 డిసెంబరులో విడుదలైన 18వ నివేదికలో పేపర్లకెక్కిన అంకె 25.17 శాతం. దేశంలో అడవీ చెట్లూ కలిసి 8,27,357 చదరపు కిలోమీటర్లని చెప్పారు. అంతకంటే ముఖ్యంగా చదవాల్సింది పద్ధతిని వివరించే పేజీల్లో ఉంటుంది. ఈ లెక్క ఏమేం పట్టుకోలేదో సర్వే వాళ్లే నిజాయతీగా రాసుకున్న జాబితా అది. ఉపగ్రహ కెమెరా నేలను 23.5 మీటర్ల గళ్లుగా చూస్తుంది. మన కొలతలో ఒక్కో గడి పదమూడున్నర సెంట్లు. అంతకన్నా సన్నగా ఉండే చెట్ల బారు ఆ కంటికి ఆనదు. అందుకే వీరంకిలాకు కాలువ గట్టు మీద ఒంటి వరసలో చెట్లు ఎంత ఏపుగా పెరిగినా పటంలోకి ఎక్కవు. వాటిని వేరుగా నమూనా సర్వేతో అంచనా కడతారు. లేత మొక్కలూ ఆ కంటికి కనిపించవు. అడవి పక్కన చెరకు, పత్తి వంటి పైర్లుంటే ఆ రంగులు అడవి రంగుతో కలిసిపోతాయని కూడా అందులోనే రాశారు. చిత్రాలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీసినవే వాడతారు. మబ్బు తక్కువగా, ఆకు నిండుగా ఉండే కాలమని ఆ ఏర్పాటు. సరిగ్గా అప్పుడే మన డెల్టాలో చెరకు కూడా మంచి ఊపు మీద ఉంటుంది. శాస్త్రవేత్తలు చదివే చిత్రంలో పచ్చని ఆకు ఎర్రగా, నీరు నల్లగా పడుతుంది. మడ చెట్టయినా, ఎండిన ఉప్పుపర్రలో అల్లుకున్న సర్కారుతుమ్మయినా ఆ చిత్రంలో ఎర్రమచ్చే. ఏ మచ్చ ఏమిటో తేలాలంటే బురదలోకి దిగి చూసిన మనిషి చెప్పాలి. ఆ పరిశీలనా జరుగుతుంది గానీ ప్రతి మచ్చ దగ్గరకూ వెళ్లడం ఎవరివల్లా కాదు.

ఇంతకు మించిన చిక్కు కూడికలు, తీసివేతల దగ్గర వస్తుంది. అదే నివేదికలో మడ అడవుల పద్దు చూడండి. దేశం మొత్తం మీద తగ్గింది 7.43 చదరపు కిలోమీటర్లే. కొంపలు మునిగే తరుగుదలేమీ కాదనిపిస్తుంది. రాష్ట్రాల వారీ పట్టిక చూస్తే గుజరాత్ ఒక్కచోటే 36.39 చదరపు కిలోమీటర్లు పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 13.01, మహారాష్ట్రలో 12.39 పెరగడంతో ఆ దెబ్బ మొత్తంలో కనిపించకుండా పోయింది. గుజరాత్‌లోని కచ్ తీరంలో పోయిన మడకు కృష్ణా, గోదావరి తీరంలో మొలిచింది బదులు అవుతుందా? అక్కడి జాలరికి ఇక్కడి మడ చాటు దొరకదు కదా! రాష్ట్రాల మధ్య జరిగేదే రాష్ట్రం లోపలా జరుగుతుంది. మనకు పెరిగిన 13 చదరపు కిలోమీటర్లంటే మూడు వేల రెండొందల ఎకరాల పైమాట. సంతోషించాల్సిందే. కానీ అది కొత్తగా మొలిచినదంతా కలిపిన అంకె కాదు, పోయినది తీసేశాక మిగిలిన అంకె. ఏ పాయ దగ్గర ఎంత మొలిచింది, రొయ్యల చెరువుల కోసం ఏ గట్టు లోపల ఎంత పోయిందన్నది అందులో కనిపించదు. ఇంటి ఖర్చుల పుస్తకంలో రాబడీ ఖర్చూ రాయకుండా మిగులు మాత్రం రాస్తే ఆ ఇల్లు ఎలా నడుస్తోందో ఎవరూ చెప్పలేరు. పైగా 2024 చివర్లో వచ్చిన ఈ లెక్కకు ఆధారం 2021 చివర్లో తీసిన చిత్రాలు. పొక్లెయిన్ పెట్టి చెరువు తవ్వడానికి మూడేళ్లు అక్కర్లేదు.

అడవి అంకె మీద పేచీ ఇప్పటిది కాదు. 1965లో అటవీ వనరుల ముందస్తు సర్వేగా మొదలైన పని 1981లో ఫారెస్ట్ సర్వేగా మారింది. దేశపు అడవికి ఉపగ్రహంతో తొలి పటం గీసింది మన హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన సంస్థ. 1970ల మొదట్లో 16.89 శాతం ఉన్న అడవి 1980-82 నాటికి 14.10 శాతానికి పడిపోయిందని ఆ సంస్థ తేల్చడంతో పెద్ద దుమారం రేగింది. దాదాపు అదే కాలానికి ఫారెస్ట్ సర్వే 19 శాతానికి పైగా చూపించింది. రెండు సంస్థలూ కూర్చుని సర్దుబాటు చేసుకున్నాయి. 1987 నుంచి ఫారెస్ట్ సర్వే నివేదికలే ప్రమాణమయ్యాయి.

తోటనీ సహజ అడవినీ విడివిడిగా లెక్కించాలన్న వాదనకు అభ్యంతరాలు లేకపోలేదు. పది శాతం నీడ అన్నది ప్రపంచమంతా వాడే కొలతేనంటారు. నిజమే, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కొలత కూడా పది శాతమే. కానీ అది పళ్ల తోటల్నీ పామాయిల్ తోటల్నీ అడవి కింద జమ కట్టదు. మనం కడతాం. చెట్టు ఏదైనా కర్బనాన్ని పట్టేదే కదా అన్నది రెండో మాట. కర్బనం ఒక్కటే లెక్క అయితే అది చెల్లుతుంది. కానీ 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కనీసం 10 వేల మందిని పొట్టన పెట్టుకున్న తీరం ఇది. 1999 పెను తుపానులో ఒడిశాలోని కేంద్రపాడ జిల్లా గ్రామాలను పరిశీలించిన అధ్యయనంలో, మడ అడవి వెడల్పుగా ఉన్న చోట చావులు తక్కువని తేలింది. ఊరి లోపలి మామిడితోట ఎంత పెరిగినా సముద్రం ఒడ్డున మడ చేసే కాపలా చేయలేదు. తోటనీ సహజ అడవినీ విడదీయడం ఉపగ్రహంతో కాని పని అన్నది మూడోది. ఆ మాట నిలవదు. ఇదే సర్వే సంస్థ దేశంలోని అడవుల రకాల పటం గీసినప్పుడు తోటల్ని వేరే తరగతిగా చూపించింది. రాష్ట్రాల అధ్యాయాల్లో చిక్కటి అడవి ఎంత పలచబడిందో, ఎంత బయలైందో చెప్పే పట్టికా ఇస్తోంది. బ్రెజిల్ 1988 నుంచి అమెజాన్‌లో ఏటా ఆదిమ అడవి ఎంత నరికారో విడిగా ప్రకటిస్తోంది. మళ్లీ మొలిచిందని చెప్పి ఆ నష్టంలోంచి కోత పెట్టదు. చేతనైన పనే ఇది. మనకు లేనిదల్లా ఆ విడి అంకెను ముందు పేజీలో పెట్టాలన్న పట్టుదల.

మడ మళ్లీ మొలుస్తుంది

కృష్ణా అభయారణ్యాన్ని 1989లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 194 చదరపు కిలోమీటర్లు. సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ అడవులు ఇందులోవే. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల ఇక్కడ కనిపించే చెట్లు. బావురుపిల్లి అని పిలిచే నీటిపిల్లికి ఇది ఆవాసం. పాడైన మడ నేలల్లోకి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు లోపలికి పారేలా చేసి మొక్కలు నాటే పద్ధతిని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ స్థానికులతో కలిసి గోదావరి, కృష్ణా తీరాల్లో అమలు చేశాయి.

కోర్టు చెప్పిన అడవి

గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, రికార్డులో ఉన్నా లేకపోయినా నిఘంటువు ప్రకారం అడవి అనిపించుకునేదంతా అటవీ సంరక్షణ చట్టం కిందకు వస్తుందని చెప్పింది. ఆ చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ పరిధిని కుదించింది. 2024 ఫిబ్రవరిలో కోర్టు పాత అర్థాన్నే పాటించాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను ఆపించింది.

అడవుల లెక్క విషయంలో అడగాల్సింది కష్టమైనదేమీ కాదు. సహజ అడవికి ఒక పద్దు, తోటలకు ఒక పద్దు ఉండాలి. పోయినదీ మొలిచినదీ విడివిడిగా చూపాలి. మడ అడవుల వరకైనా ఏటా లెక్క తీయాలి. సర్వే నంబర్లతో సహా ఆ పటాన్ని నాగాయలంక, కోడూరు మండలాల్లోని ప్రతి తీర పంచాయతీ కార్యాలయంలో గోడకు అంటించాలి. వచ్చే గ్రామసభలో మీ ఊరి మడ పటం ఏదని అడగండి. ఇవ్వాల్సిన బాధ్యత అటవీ శాఖది.