చలికాలం తడి ఎప్పుడివ్వాలి? పిడికెడు మట్టి చెబుతుంది
మన కడప జిల్లాలో కార్తీకం వచ్చినా చీనీ తోటకు ఎండాకాలం లెక్కనే డ్రిప్ వదులుతుంటాం. డిప్లొమా చదివిన నేనూ అదే చేశా. రెండు చెట్లకు బంక తెగులు వచ్చింది, ఎండలు ముదరకముందే బోరు ఎండింది.

ఇప్పుడు పద్ధతి మార్చినా. మధ్యాహ్నం చెట్టు నీడ అంచున జానెడు లోతు తవ్వి, పిడికెడు మట్టి పిసికి చూస్తా. ముద్ద కడితే ఆ రోజు నీళ్లు బంద్. పొడిగా రాలితేనే డ్రిప్. గరప నేలలో ముద్ద సరిగా కట్టదు, చేతికి చల్లగా తగిలితే చాలు. వేరుకు తేమతోపాటు గాలీ కావాలి. పాలేకర్ గారు చెప్పే వాఫస ఇదే.

నేలలో తేమ ఉన్నప్పుడే శనక్కాయ పొట్టు, ఎండుగడ్డి నాలుగంగుళాలు పరచండి. మొదలుకు జానెడు దూరం వదలండి, తడి తగిలితే మళ్లీ బంకే.

ఇప్పుడు మిగిల్చిన నీళ్లే ఎండాకాలం చెట్టును కాపాడతాయి. మట్టి పిసికి చూసే విధానం వీడియోలో చూపించా.