వోకింగ్ ఖబరస్తాన్: ఒక స్మారక చరిత్ర

యుద్ధ స్మారకమనగానే మన మనస్సులలో మెదిలేది విజయస్తంభం. విజయాన్ని గాక, మృతుల విశ్వాసాన్ని గౌరవించుటకై వెలసిన స్మారకమొకటి ఇంగ్లండులోని వోకింగ్ పట్టణం చెంత ఉన్నది.

భోపాలు బేగం దాతృత్వంతో 1889లో ఆ పట్టణంలో షాజహాన్ మసీదు నిర్మితమైనది. దాని ప్రక్కనున్న గృహం మన హైదరాబాదు దివాను సర్ సాలార్‌జంగ్ పేరు ధరించినది.

1914లో ప్రథమ ప్రపంచ సంగ్రామం ఆరంభమైనది. ఫ్రాన్సు రణరంగంలో గాయపడిన భారతీయ సైనికులను బ్రైటన్ మొదలగు చోట్ల ఆసుపత్రులకు చేర్చారు. అక్కడ మరణించిన ముస్లిములకు మతవిధి ప్రకారం ఖననం జరగడం లేదని జర్మనీ ప్రచారం సాగించినది. మసీదు ఇమాము సైతం ప్రత్యేక స్థలం కోరారు. ఫలితంగా హార్సెల్ కామన్‌లో ఖబరస్తాన్ ఏర్పడినది. గుమ్మటపు ద్వారంతో కూడిన ప్రహరీ 1917లో పూర్తయినది.

మొదటి, రెండవ యుద్ధాలనాటి సైనికులు అక్కడ విశ్రమించారు. అయితే దుండగుల విధ్వంసం వల్ల 1968లో ఆ సమాధులను బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానానికి తరలించవలసి వచ్చినది. శూన్యమైన ఆ ప్రాంగణం 2015లో శాంతివనంగా రూపొందినది. 27 మందికి గుర్తుగా 27 హిమాలయ భూర్జవృక్షాలు నాటి, శిలపై వారి నామాలు చెక్కారు.

పరాయి పాలకుల యుద్ధంలో మడిసినవారిని స్మరించడమెందుకని కొందరు ప్రశ్నింపవచ్చు. విద్యార్థులారా, యుద్ధం తలపెట్టినవారు వేరు, అందులో ఒరిగిన పల్లెబిడ్డలు వేరు. స్మరించడమంటే ఆ యుద్ధాన్ని సమర్థించడం కాదు. తల్లి పెట్టిన పేరును మట్టిలో కలిసిపోనీయకపోవడం.